కోనసీమలో ఆదివారం హోటల్ భోజనం

ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ హోటల్‌కి వెళ్లి భోంచేసి రావడం కోనసీమ పల్లెల్లో ఇప్పుడు మామూలు సంగతి. రెండు తరాల కిందట హోటల్ భోజనమంటే కోర్టు పనిమీదో, ఆసుపత్రి పనిమీదో ఊరు దాటిన మగవాళ్లు ఆకలి తీర్చుకునే మార్గం. ఇంట్లో పొయ్యి ఉండగా డబ్బు పెట్టి బయట తినడాన్ని పెద్దలు దుబారాగా చూసేవారు. ఆ లెక్క ఇప్పుడు మారింది. కొత్తపేట మండలంలోని పలివెల లాంటి ఊళ్ల నుంచి ఆదివారం ఒంటిగంట వేళకు కొత్తపేట, రావులపాలెం, అమలాపురం వైపు బళ్ల మీదా, కార్లలోనూ కుటుంబాలు బయల్దేరతాయి. పలివెలలో కొప్పుతో వెలసిన శివుడిని, ఉమా కొప్పేశ్వరస్వామిని చూడటానికి పొరుగూళ్ల నుంచి వచ్చినవారు కూడా దర్శనం అయ్యాక భోజనానికి ఇదే దారి పడతారు.

ఈ అలవాటులో రుచి ఎంత ముఖ్యమో, కూర్చునే తీరు అంతకన్నా ముఖ్యం. ఇంట్లో వండి వడ్డించే మనిషి అందరూ లేచాక తింటుంది. ఊళ్లో ఒకప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో కులం నిర్ణయించేది. ఆదివారం హోటల్లో ఆ ఇల్లాలికీ వేడి వేడిగా వడ్డిస్తారు. పక్క బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారని ఎవరూ ఆరా తీయరు. ఈ రెండు మార్పులూ వాటంతట అవి రాలేదు. వాటి వెనక చాలా చరిత్ర ఉంది.

ఆదివారమే ఎందుకు

వారానికో సెలవు అనేది సేద్యం మీద బతికే పల్లెల్లో పుట్టిన ఏర్పాటు కాదు. రైతుకు పండగలు ఉండేవి, అమావాస్యనాడు అరక కట్టకూడదన్న నియమం ఉండేది. ఆదివారం సెలవు బ్రిటిష్ పాలనలో కచేరీలతో, బడులతో వచ్చింది. కూలీనాలీ చేసేవారికి అది చాలాకాలం అందలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసేవారి కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడాక, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆ పద్ధతి మెల్లగా దేశమంతా పాకింది. బడి, బ్యాంకు, ప్రభుత్వ ఆఫీసు మూతపడే ఆదివారమే ఇంట్లో అందరికీ ఒకేసారి తీరిక దొరికే రోజయింది.

దీనికి వారాల నియమాలు తోడయ్యాయి. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకన్నకు అనుకుని నీసు మానేసే ఇళ్లు కోనసీమలో చాలా ఉన్నాయి. ఆత్రేయపురం మండలం వాడపల్లి వెంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు మొక్కుకునేవారి రద్దీ ఈ మధ్య ఏళ్లలో బాగా పెరిగింది. శనివారం ఉపవాసమో, ఒంటిపూటో ఉన్న ఇంట్లో ఆదివారం కోడికూరో, చేపల పులుసో దిగాల్సిందే. క్రైస్తవ కుటుంబాలకు ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది. చర్చి నుంచి నలుగురూ కలిసి బయటికొచ్చేసరికి భోజనం వేళవుతుంది.

గల్ఫ్ దేశాల్లో పనిచేసే కోనసీమవాసులకు ఈ పూట వేరే రోజుకు మారుతుంది. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్రవారంతో మొదలవుతుంది కాబట్టి అక్కడి తెలుగువాళ్లు కలిసి తినే పూట శుక్రవారం మధ్యాహ్నం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు పూర్తి సెలవులై, శుక్రవారం ఒంటిపూట సెలవయింది. దాంతో దుబాయిలో ఉన్న చాలామందికీ ఆదివారం భోజనం తిరిగి దక్కింది.

పూటకూళ్ల ఇంటి నుంచి హోటల్ దాకా

డబ్బిచ్చి బయట తినడం తెలుగువారికి కొత్త కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్ని వర్ణించే 15వ శతాబ్దపు 'క్రీడాభిరామం'లో ఒక పూటకూళ్ల ఇల్లు ఉంది. ఒక్క రూకకు అక్కడ మేలైన బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, చివర్లో గడ్డపెరుగు పెట్టేవారు. పప్పూ నెయ్యితో మొదలై పెరుగుతో ముగిసే ఆ వరస నేటి హోటల్ భోజనంలోనూ అలాగే ఉంది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' తొలిసారి 1892లో ప్రదర్శన అయింది. అందులోని పూటకూళ్లమ్మ పాత్ర ఆ కాలపు స్థితిని చెబుతుంది. భర్త పోయిన ఆడదానికి నలుగురికి వండిపెట్టడం బతుకుతెరువుగా మిగిలిన రోజులవి.

కోనసీమలో బాటసారి ఆకలి చాలాకాలం అన్నదానం మీదే తీరింది. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న ఈ సీమలో వంతెనలు వచ్చేదాకా ప్రయాణమంటే రేవు, పడవ, పంటు. వరద వస్తే ప్రయాణికులు రేవుల దగ్గరే చిక్కుకునేవారు. అలాంటివారికి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ ఏ వేళలోనైనా వండి పెట్టింది. ఆమె 1841లో పుట్టి 1909లో కన్నుమూసింది. ఇప్పటి పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీది అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టింది. వచ్చినవారిని ఎవరని అడగకుండా అన్నం పెట్టిందని ఈ ప్రాంతం ఆమెను ఇప్పటికీ తలచుకుంటుంది.

20వ శతాబ్దంలో పట్టణాలకు ఉడిపి హోటళ్లు వచ్చాయి, మాంసం వండే మిలిటరీ హోటళ్లు వచ్చాయి, మెస్సులు వచ్చాయి. పల్లె కూడళ్లలో టీ, టిఫిన్ అమ్మే కాకా హోటళ్లూ, పాక హోటళ్లూ వెలిశాయి. అయితే అవి అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. మద్రాసు రాష్ట్రంలోని కొన్ని హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. దళితులను లోపలికి రానిచ్చేవారు కాదు. తర్వాత రోజుల్లోనూ ఎన్నో పల్లెల్లో టీ దుకాణాల దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిచింది.

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ఈ సంగతిని సూటిగా పట్టించుకుంది. 15వ అధికరణలోని రెండో భాగం దుకాణాలనూ, భోజనశాలలనూ, హోటళ్లనూ పేరుపెట్టి చెప్పి, కులం, మతం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ వాటిలోకి రాకుండా ఆపకూడదని శాసించింది. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి చట్టం అంటరానితనం పాటించేవారికి శిక్షలు పెట్టింది. ఆ రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడైన బి.ఆర్.అంబేద్కర్ పేరే 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు ఉంది. ఆదివారం హోటల్లో ఖాళీగా ఉన్న ఏ కుర్చీలోనైనా ఎవరైనా కూర్చోగలగడం ఇంత పోరాటం తర్వాత దక్కిన హక్కు.

నది, చెరువు, తోట

కోనసీమ హోటల్లో ఏం బాగుంటుందో నెలను బట్టి తెలుసుకోవచ్చు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి ఎర్రనీరు తగులుతుంది. అప్పుడు సముద్రంలోని విలస చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది వస్తుంది. తీపినీటిలోకి చేరి రుచి మారిన ఆ చేపే పులస. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టా, తర్వాత దాని స్థానంలో కట్టిన బ్యారేజీ అడ్డు కావడంతో అది ఆపైకి ఎక్కలేదు. అందుకే పులస వేట బ్యారేజీ దిగువన పాయల్లోనే సాగుతుంది. ఏటేటా దొరకడం తగ్గిపోవడంతో ఒక్కో పెద్ద చేప 20 వేల రూపాయలు దాటి అమ్ముడవుతోంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత గోదావరి జిల్లాల్లో వినని ఇల్లు ఉండదు. ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో వచ్చే విలసను పులసగా అమ్మడం కూడా ఈ రోజుల్లోనే ఎక్కువ. ధర మరీ చవగ్గా చెప్పారంటే అది గోదావరి పులస అయ్యే అవకాశం తక్కువ.

పులస పులుసు వండే తీరును బట్టి వంటవాడి ఓర్పు తెలుస్తుంది. వెడల్పాటి మట్టి దాకలో నూనె కాగాక ఉల్లిపాయ ముద్ద, చీల్చిన పచ్చిమిర్చి వేయించి, కారం, పసుపు, ధనియాల పొడి పట్టించిన ముక్కల్ని వరసగా పేరుస్తారు. పలచటి చింతపండు పులుసు పోసి, బెండకాయలు నిలువుగా వేసి, సన్నటి సెగమీద వదిలేస్తారు. గరిటె పెట్టరు, పెడితే ముక్క చిదురవుతుంది. దాకను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ కదుపుతారంతే. పులుసు చిక్కబడి నూనె పైకి తేలాక దించుతారు. పులసకు సన్నటి ముళ్లు ఎక్కువ కాబట్టి ఎంత నెమ్మదిగా ఉడికితే అంత మంచిది. రాత్రంతా నానిన పులుసు మర్నాడు మరింత బాగుంటుంది. అందుకే ఆదివారం వడ్డించే పులుసును శనివారం సాయంత్రమే పొయ్యెక్కించే హోటళ్లున్నాయి.

వరద తీసి కార్తికం దగ్గరపడేసరికి యానాం పరిసరాల్లో చీరమీను వస్తుంది. చూపుకు ఆననంత సన్నటి ఆ చేపపిల్లల్ని కొలతలు పెట్టి అమ్ముతారు. మసాలా కూరగానో, చింతచిగురుతోనో వండుకుంటారు. కొర్రమీను, పండుగప్ప, బొమ్మిడాయిలు, పీతలు కాలువల్లోనూ, చెరువుల్లోనూ, ఉప్పుటేర్లలోనూ దొరికేవి. రొయ్యల సంగతి వేరు. 1990ల్లో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యల చెరువుల్ని దెబ్బతీసింది. 2009లో వెనామీ రకం పెంపకానికి అనుమతి వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది. అమెరికా ఖండపు పసిఫిక్ తీరంలో పుట్టిన ఈ రొయ్య ఇప్పుడు కోనసీమ హోటల్లో గోంగూరతో, మామిడికాయతో కలిసి ఇగురుగా దిగుతుంది.

కోడి విషయంలో రెండు దారులున్నాయి. నాటుకోడిని పులుసుగా వండి అన్నంలోకో, గారెల్లోకో పెడతారు. ఫారంకోడి బిర్యానీకీ, వేపుడుకీ వెళ్తుంది. హైదరాబాదు దమ్ బిర్యానీలో మసాలాలో నానిన మాంసం, సగం ఉడికిన బాస్మతి బియ్యం కలిసి ఒకే గిన్నెలో మగ్గుతాయి. గోదావరి జిల్లాల్లో ఇష్టపడే ఫ్రై పీస్ బిర్యానీలో అన్నం వేరుగా, వేయించిన ముక్క వేరుగా తయారవుతాయి. వడ్డించేటప్పుడే రెండూ కలుస్తాయి. భీమవరం వైపు నుంచి వచ్చిన రాజుగారి కోడి పులావుకు పొట్టిగా, సువాసనగా ఉండే చిట్టిముత్యాల బియ్యం వాడతారు.

శాకాహారికి కోనసీమ తోటలే దన్ను. పనసపొట్టు, అరటిపువ్వు, కంద, బచ్చలి పెళ్లి వంటల నుంచి హోటల్ వంటకు చేరాయి. పనసపొట్టు కూరను దించాక ఆవపిండి ముద్ద కలుపుతారు. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ చేదెక్కుతుంది. పనసకాయ ముక్కల బిర్యానీ మాంసం తిననివారి కోసం గోదావరి జిల్లాల్లో చేసే వంటకం. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ పేరుతో ప్రసిద్ధమైన బుట్ట భోజనం శాకాహారమే. అన్నం, కూరలు, పులుసు, పొడులు, స్వీటు అన్నీ బుట్టలో సర్ది ఇంటికి పంపే ఆ పద్ధతిని చూసి మిగతా ఊళ్ల హోటళ్లూ బుట్టలు కట్టడం మొదలుపెట్టాయి.

ఆకు మీద వరస

రావులపాలెం అరటి వ్యాపారానికి పేరున్న ఊరు కాబట్టి ఇక్కడ అరటాకుకు కొదవ లేదు. ఆకు కొస తినేవారి ఎడమచేతి వైపు ఉండేలా వేస్తారు. నీళ్లు చిలకరించి తుడిచాక పైవరసలో పచ్చడి, ఆవకాయ, వేపుడు, కూర, స్వీటు పడతాయి. అన్నం పడ్డాక మొదటి ముద్ద కందిపొడితోనో, ముద్దపప్పుతోనో, మీద నెయ్యితో. తర్వాత కూర, ఆపైన పప్పుచారో, మజ్జిగ పులుసో, చారు. నంజుకోవడానికి అప్పడం, చల్ల మిరపకాయ. చివర గడ్డపెరుగు. నీసు భోజనమైతే ఇగురూ, పులుసూ నడుమ వస్తాయి. పప్పుతో ఎక్కువ అన్నం కలిపేసుకుంటే వాటికి చోటు చాలదు. అందుకే అలవాటున్నవారు ముందు ఏమేమి వస్తాయో అడిగి తెలుసుకుని మొదలుపెడతారు.

హోటల్ నాణ్యతను ఇక్కడివారు ఇంటి వంటతోనే కొలుస్తారు. ఆవకాయ ఇంట్లో పెట్టిందా, బజారుదా అన్నది మొదటి ముద్దకే తెలిసిపోతుంది. పెరుగు నీళ్లోడితే, చారు మాటిమాటికీ మరగబెట్టిందైతే మళ్లీ ఆ గడప తొక్కరు. బిర్యానీ ఎంత బాగున్నా ఈ చిన్న చిన్న వాటిలో తప్పితే మాట పోతుంది.

హోటళ్లు పలచబడే ఆదివారాలు

శ్రావణంలో, అయ్యప్ప దీక్షల కాలంలో, ముఖ్యంగా కార్తికంలో నీసు వంటలకు గిరాకీ పడిపోతుంది. కార్తికమాసపు ఆదివారాల్లో కుటుంబాలు, ఉద్యోగ సంఘాలు, కుల సంఘాలు, పూర్వ విద్యార్థులు కొబ్బరితోటల్లో వనభోజనాలు పెట్టుకుంటారు. ఉసిరిచెట్టు కింద పూజ చేసి, అక్కడే గాడిపొయ్యి తవ్వి వండుకు తింటారు. ఇల్లు వదిలి నలుగురితో కలిసి తినడమనే అలవాటు హోటల్ కన్నా ముందు ఈ తోటల్లోనే ఉంది. సంక్రాంతికి పరిస్థితి దీనికి పూర్తిగా ఎదురు. ఊళ్లకు వచ్చిన కొడుకులు, అల్లుళ్లతో పండగ మూడు రోజులూ ఇంటి వంట అయ్యాక, ఆ వారపు ఆదివారం హోటల్లో చోటు దొరకడం కష్టం.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు కోడి వంటకాలు కొన్ని వారాలపాటు ఆగిపోయాయి. జనం చేపల వైపు మళ్లారు. మాంసం లోపలి దాకా 70 డిగ్రీల వేడికి ఉడికితే ఆ వైరస్ బతకదు. సగం ఉడికిన మాంసం, గుడ్లు మానేయడమే అలాంటప్పుడు పాటించాల్సిన జాగ్రత్త.

బిల్లూ శుభ్రతా

హోటల్‌కి వెళ్లేవారు తెలుసుకోవాల్సిన నియమాలు కొన్ని ఉన్నాయి. 2017 నవంబరు నుంచి మామూలు రెస్టారెంట్లలో భోజనం మీద జీఎస్టీ 5 శాతం. అది బిల్లులో కేంద్రం వాటా 2.5, రాష్ట్రం వాటా 2.5గా కనిపిస్తుంది. ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు వ్యాపారం ఉన్న చిన్న హోటల్‌కు సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. చిన్న వ్యాపారాల కోసం పెట్టిన కాంపోజిషన్ పథకంలో ఉన్న హోటల్ పన్నును తానే కట్టాలి, తినేవారి దగ్గర వసూలు చేయకూడదు. జీఎస్టీ నంబరు లేని బిల్లులో పన్ను వేస్తే ప్రశ్నించవచ్చు. సర్వీస్ చార్జీని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. ఇష్టమై ఇచ్చే టిప్పు వేరు, బిల్లులో రాసి వసూలు చేసేది వేరు.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం చిన్న హోటళ్లకు నమోదు, పెద్దవాటికి లైసెన్సు ఉండాలి. ఆ నమోదు లేదా లైసెన్సు 14 అంకెల సంఖ్యను 2022 జనవరి నుంచి బిల్లుమీదా ముద్రించాలి. వేపుడు నూనెను మాటిమాటికీ కాచడం మీద కూడా అదుపు ఉంది. కాగినకొద్దీ నూనెలో పెరిగే హానికర పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడకూడదని 2018 జులై నుంచి నియమం. నల్లబడి, జిగటగా మారి, నురగ కట్టే నూనెలో వేగిన ముక్కను వాసనతోనే పట్టుకోవచ్చు. చేప తాజాదనం ముక్కను బట్టి తెలుస్తుంది. తాజా ముక్క పొరలు పొరలుగా విడుతుంది, నిలవున్నది పిండిలా చిదురవుతుంది.

వండేవారు, వడ్డించేవారు

ఒంటిగంటకు ఆకు ముందు కూర్చునేవారి కోసం హోటల్లో పని తెల్లవారక ముందే మొదలవుతుంది. రేవు నుంచి చేప, సంత నుంచి కూరగాయలు వస్తాయి. ఉల్లిపాయలు బస్తాల లెక్కన కోయాలి. అల్లం వెల్లుల్లి ముద్ద నూరాలి, కోడిని కొట్టి మసాలా పట్టించాలి. 19 కిలోల వాణిజ్య సిలిండర్ ధర, కోడి ధర, ఉల్లి ధర ఒక్కొక్కటీ ఒక్కో తీరున మారుతూ ఉంటాయి. భోజనం ధర మాత్రం రోజుకో రకంగా మార్చడానికి వీల్లేదు. ఆ తేడాను యజమాని ఆదివారం గిరాకీ మీదే సర్దుకోవాలి.

పచ్చళ్లు పెట్టడం, కూరలు తరగడం, గిన్నెలు తోమడం లాంటి పనుల్లో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఎక్కువగా ఉంటారు. వాళ్ల ఇళ్లలో ఆదివారం భోజనం ఆలస్యమవుతుంది, లేదా వాళ్లు లేకుండానే అయిపోతుంది. ఒక ఇల్లాలికి దొరికిన విశ్రాంతి మరో ఇల్లాలి శ్రమతో వచ్చిందేనన్న మాట ఇక్కడ దాటవేయకూడనిది. దుకాణాల్లో, భోజనశాలల్లో, సినిమా హాళ్లలో పనిచేసేవారికి వారంలో ఒక పూర్తి రోజు సెలవివ్వాలని కేంద్రం 1942లోనే చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. వారపు సెలవు, పనిగంటల పరిమితి అందులో ఉన్నాయి. ఆదివారం మూసే వీల్లేని హోటల్ మరో రోజున తన మనుషులకు సెలవివ్వాలి, ఆ రోజు కూలి కోయకూడదు. తినడానికి వెళ్లినవారు చేయగలిగింది కూడా ఉంది. రద్దీ తగ్గే రెండున్నర దాకా ఆగకుండా కాస్త ముందే వెళ్లడం, తినగలిగినంతే అడిగి వడ్డించుకోవడం, మిగిలిన కూరను పార్సిల్ కట్టించుకోవడం, వడ్డించిన మనిషిని మర్యాదగా పలకరించడం. ఇవి పాటిస్తే చివరి ఆకు త్వరగా లేస్తుంది, పొద్దుటి నుంచి నిలబడ్డవాళ్లు కాస్త వేళకు భోజనానికి కూర్చుంటారు.